ప్రతివాది నా కొడుకు

12 జూన్ 2025, గురువారం

బడి తెరిచారు. కొత్త పాఠ్య ప్రణాళిక పుస్తకం ఇచ్చారు. ఏటా వెనక నలభై పేజీలు ఖాళీగా మిగిలిపోతాయి. ఈ ఏడు అందులో నాకోసం రాసుకోవాలనిపించింది. పుస్తకం స్టాఫ్ రూములో నా బీరువాలోనే ఉంటుంది, తాళం నా దగ్గర ఉంటుంది. ఇంట్లో పెట్టుకుంటే ఎలీషా చదువుతాడు. కొడుకు చదివితే తప్పేమీ లేదు. కాకపోతే ప్రతి మాటకీ అర్థం అడుగుతాడు.

తొమ్మిదో తరగతిలోకి వెళ్ళగానే ఆడపిల్లలు చెంప చూసి "ఏమైంది టీచర్?" అన్నారు. బీరువా తలుపు తగిలిందన్నాను. అబద్ధమేమీ కాదు. తలుపే తగిలింది. వాడు వేస్తున్నప్పుడు నేను అడ్డం వచ్చాను.

17 జూన్, మంగళవారం

సాయంత్రం ఇంటికి రాగానే ఫోను వాడికి ఇచ్చెయ్యాలి. ఎవరు చేశారు, ఎంతసేపు మాట్లాడాను, అన్నీ చూస్తాడు. నిన్న హెడ్‌మిస్ట్రెస్‌తో పదకొండు నిమిషాలు మాట్లాడినట్టుంది. "పదకొండు నిమిషాలు ఏం మాట్లాడావమ్మా?" అన్నాడు. టైంటేబుల్ గురించి అన్నాను. "టైంటేబుల్‌కి పదకొండు నిమిషాలా?"

వాడికి నేనంటే దిగులు. తండ్రి పోయాక ఇంటికి మగదిక్కు నేనే కదా అంటాడు. ఇరవై ఏడేళ్ళకే అంత బరువు. ఆయన ఉంటే వాడికి ఈ బాధ ఉండేది కాదు.

23 జూన్, సోమవారం

నిన్న ఆరాధనలో ఎలీషా కీబోర్డు వాయించాడు. ఆరాధన అయ్యాక స్త్రీల సమాజం వాళ్ళందరూ నా చుట్టూ చేరారు. తాగుడు లేదు, సిగరెట్టు లేదు, బెంజ్ సర్కిల్ దగ్గర బండ్ల షోరూములో మంచి పేరు, ఆదివారం వస్తే గుడి. "అదృష్టవంతురాలివమ్మా సంపూర్ణా" అన్నారు.

అవునన్నాను. వాళ్ళు నా చేతులు పట్టుకుని మాట్లాడుతుంటే, మోచేతి పైన తగలకుండా కొంచెం వెనక్కి లాక్కున్నాను.

4 జూలై, శుక్రవారం

ఈ వారమంతా వాడు బాగున్నాడు. నిన్న పునుగులు తెచ్చాడు. ఇద్దరం టీవీ చూస్తూ తిన్నాం.

15 జూలై, మంగళవారం

ఆదివారం జరిగింది రాయాలి. రాయకపోతే నేనే వేరేగా గుర్తుపెట్టుకుంటానేమోనని భయంగా ఉంది.

మా అమ్మాయి కృప వచ్చింది. గన్నవరం ఎయిర్‌పోర్టులో ఉద్యోగం వచ్చిన దగ్గర్నుంచీ అక్కడే హాస్టల్లో ఉంటోంది. రెండు నెలలకోసారి గానీ రాదు. వచ్చినా సాయంత్రం బస్సుకు వెళ్ళిపోతుంది. బట్టలు తియ్యడానికి డాబా మీదికి వెళ్ళింది. ఎలీషా వెనకే వెళ్ళాడు. నేను వంటింట్లో ఉన్నాను.

"ఫోను ఇటివ్వు."

"ఎందుకన్నయ్యా?"

"ఎవరితో మాట్లాడుతున్నావో చూడాలి."

"నాకు ఇరవై నాలుగేళ్ళు. ఇవ్వను."

ఆ తర్వాత మాటలు వినపడలేదు. మెట్ల మీద ఏదో దొర్లిన చప్పుడు. బట్టల బుట్ట అనుకున్నాను. బుట్టే అయి ఉంటుందని పొయ్యి కట్టేసేదాకా అనుకుంటూనే ఉన్నాను.

కుడి మణికట్టు విరిగింది. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళాను. డ్యూటీలో ఉన్న డాక్టరు చిన్నపిల్ల, కృప కన్నా నాలుగైదేళ్ళు పెద్దదేమో. "ఎలా పడ్డారు?" అని అడిగింది.

"బాత్రూములో జారానండి" అంది కృప. "సబ్బు నీళ్ళున్నాయి, చూసుకోలేదు."

నేను దానికేమీ చెప్పలేదు. ఆటోలో ఇద్దరం ఒక్క మాట కూడా అనుకోలేదు. అయినా అక్షరం పొల్లు పోకుండా నా మాటే చెప్పింది, నేనెప్పుడూ చేర్చే ఆ సబ్బు నీళ్ళతో సహా. చెప్పి, నేనెలా నవ్వుతానో అలాగే కొంచెం నవ్వింది.

"జారలేదండీ" అన్నాను. "మా అబ్బాయి తోశాడు."

డాక్టరు పెన్ను కింద పెట్టింది. కృప నా వంక చూడలేదు, గోడ వంక చూస్తూ ఏడ్చింది. డాక్టరు నన్ను పక్కకు పిలిచి, "మీ చేతి మీద అదేంటండీ?" అంది. అదీ చెప్పాను. ఆవిడ పోలీసులకు కబురు పంపాలంది. ఒక కాగితం మీద ఒక ఫోను నంబరు రాసిచ్చింది. మహిళా శిశు సంక్షేమ శాఖలో రక్షణ అధికారి, పద్మావతమ్మ అని.

ఇంటికొచ్చేసరికి ఎలీషా కమలాపళ్ళు కోసి పెట్టాడు. చెల్లెలి కాళ్ళ దగ్గర కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాడు. కృప కట్టుతోనే బ్యాగు సర్దుకుంది. గుమ్మంలో నిలబడి "నువ్వు కూడా వచ్చెయ్యమ్మా" అంది.

"వాడికి అన్నం ఎవరు పెడతారే?" అన్నాను.

18 జూలై, శుక్రవారం

నిన్న స్టేషనుకు రమ్మంటే వెళ్ళాను. అక్కడి అధికారి మర్యాదస్తుడే. కుర్చీ వేయించాడు.

"కన్నకొడుకు మీద కేసేంటండీ టీచరుగారూ? తాగుతాడా?"

"తాగడండీ."

"గంజాయి లాంటివేమైనా?"

"లేదండీ."

"మరి?"

వాణ్ణి పిలిపించారు. వాడు చేతులు కట్టుకుని సార్, సార్ అంటూ ఎంత నెమ్మదిగా మాట్లాడాడో! ఇంకోసారి రిపీట్ కాకూడదని చెప్పి పంపేశారు. ఇద్దరం వాడి బండి మీదే ఇంటికొచ్చాం. బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర వెనక్కి తిరక్కుండానే, "స్టేషను దాకా లాగావు కదమ్మా" అన్నాడు.

23 జూలై, బుధవారం

రెండు రోజులు బడికి రాలేదు. జ్వరం.

24 జూలై, గురువారం

జ్వరం కాదు.

28 జూలై, సోమవారం

శనివారం ఒంటిపూట బడి. హెడ్‌మిస్ట్రెస్ గారి ఫోనులోంచి పద్మావతమ్మ గారికి చేసి, మధ్యాహ్నం ఆవిడ ఆఫీసుకు వెళ్ళాను. ఇంటికి ఆలస్యమైతే చెప్పడానికి పేరెంట్స్ మీటింగ్ అని ఒక సాకు సిద్ధం చేసుకున్నాను.

నా వయసువారే. కళ్ళద్దాలు ముక్కు చివరికి జారుతుంటాయి. పెద్ద ఫారం ఒకటి తీసి రాయడం మొదలుపెట్టారు. పేరు, వయసు, ఉద్యోగం. "మిమ్మల్ని ఇబ్బంది పెడుతున్న మనిషి?" నేను ఆగాను. "ఎంతసేపైనా తీసుకోండమ్మా, నాకు బస్సేమీ లేదు" అన్నారు.

"కొడుకు" అన్నాను. తలెత్తకుండా రాసుకున్నారు. అలా తలెత్తనందుకు ఆవిడకు దండం పెట్టాలనిపించింది.

"మీరు మొదటివారు కారమ్మా. ఈ కుర్చీలో ఈ ఏడాది మీరు నాలుగో తల్లి."

మొదటిసారి ఎప్పుడు కొట్టాడని అడిగారు. ఆయన పోయిన నాలుగు నెలలకని చెప్పాను. చారులో ఉప్పెక్కువైందని గిన్నె విసిరాడు.

"అంతకుముందు ఇంట్లో ఎవరైనా చెయ్యి చేసుకునేవారా?"

"లేదండీ. మా వారు సంజీవరావు గారు చాలా మంచివారు. ఆర్టీసీ డిపోలో మెకానిక్. ఆయన ఉంటే నేనిలా వచ్చేదాన్నే కాదు."

పద్మావతమ్మ గారు ఆ గడిలో కూడా రాశారు. ఏం రాశారో చూడలేదు.

1 ఆగస్టు, శుక్రవారం

పద్మావతమ్మ గారి ఆఫీసు నుంచి సాయంత్రం నా ఫోనుకు ఎవరో చేశారట, ఎలీషాకు తెలిసిపోయింది. వాడు కొట్టలేదు. పాస్టరు గారి దగ్గరికి వెళ్ళాడు. నిన్న సాయంత్రం పాస్టరు గారు, ఇద్దరు సంఘపెద్దలు ఇంటికి వచ్చారు. ఎలీషా వాళ్ళకు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చి, ఒక మూల నిలబడ్డాడు.

"కోర్టుదాకా వెళితే బిడ్డ భవిష్యత్తు ఏం కావాలమ్మా? సంఘం పరువు ఏం కావాలి? తల్లివి. క్షమించాలి."

"క్షమించానండీ" అన్నాను. "మూడేళ్ళుగా రోజూ క్షమిస్తున్నాను. క్షమించిన మర్నాడే మళ్ళీ కొడుతున్నాడు."

పాస్టరు గారు గ్లాసులో నీళ్ళన్నీ తాగారు. పెద్దల్లో ఒకరు ఎలీషా వంక తిరిగి "ఏం బాబూ?" అన్నారు. వాడు ఏడ్చాడు. అందరూ వాణ్ణి ఓదార్చారు. ప్రార్థన చేసి వెళ్ళారు.

వాడి ఏడుపు నాటకం కాదు. అది నాకు తెలుసు. నాటకమైతే నాకింత కష్టంగా ఉండేది కాదు.

5 ఆగస్టు, మంగళవారం

నిన్న సెలవు పెట్టి లాయరు హేమ గారి దగ్గరికి వెళ్ళాను. పద్మావతమ్మ గారే పంపారు. కృప గన్నవరం నుంచి వచ్చింది, కట్టు ఇంకా విప్పలేదు. ప్రమాణపత్రం తయారుచెయ్యాలట. జరిగిందంతా నా మాటల్లో చెప్పమన్నారు. ముప్పై ఏళ్ళుగా పిల్లలకు సొంతమాటల్లో రాయండని చెబుతున్నాను.

హేమ గారూ అదే ప్రశ్న అడిగారు. అంతకుముందు ఎవరైనా?

"లేదండీ" అన్నాను.

"అమ్మా, చెప్పు" అంది కృప.

"ఏం చెప్పాలే?"

"మాకు తెలుసమ్మా. చిన్నప్పుడు నాన్న మొదలుపెట్టగానే అన్నయ్య నన్ను మంచం కిందికి తోసి, వాడూ దూరి, రెండు చేతులతో నా చెవులు మూసేవాడు. నాకేమీ వినపడేది కాదు. తన చెవులు మూసుకోడానికి వాడికి చేతులు లేవు. వాడు మొత్తం వినేవాడమ్మా."

హేమ గారు ఫ్యాను తగ్గించారు. కాగితాలు ఎగరడం ఆగింది.

అప్పుడు చెప్పాను. 1996 నుంచి 2022 దాకా. ఎవరికీ చెప్పని మాటలు, చివరికి ఈ పుస్తకానికి కూడా చెప్పని మాటలు. పైగా ఈ పుస్తకంలో ఆయన ఉంటే, ఆయన ఉంటే అని రాసుకుంటూ వచ్చాను. ఆయన ఉంటే ఆయనే కొట్టేవారు. అంతే తేడా.

వాడికి తొమ్మిదేళ్ళప్పుడు ఒకరోజు మంచం కింది నుంచి బయటికొచ్చి మా ఇద్దరి మధ్య నిలబడ్డాడు. బెల్టు వాడి వీపు మీద పడింది. వాతకు కొబ్బరినూనె రాస్తూ నేనన్నాను, "నాన్నకు కోపం వచ్చే పని మనం చెయ్యకూడదు నాన్నా. మన మీద ప్రేమ ఉండబట్టే కదా కొడతారు." వాడు బుద్ధిగా తల ఊపాడు. నేను ఇన్నేళ్ళలో చెప్పిన పాఠాల్లో ఒక పిల్లవాడికి పూర్తిగా ఎక్కింది అదొక్కటే.

చనిపోయినవారి గురించి రాయాలా వద్దా అని హేమ గారు అడిగారు. అవసరం లేకపోయినా రాస్తే మంచిదన్నారు. వద్దన్నాను. ఆయన పరువు.

6 ఆగస్టు, బుధవారం

రాయమని ఫోను చేసి చెప్పాను.

14 ఆగస్టు, గురువారం

కోర్టు మొన్న తాత్కాలిక ఉత్తర్వు ఇచ్చింది. ఎలీషా ఇల్లు ఖాళీ చెయ్యాలి. ఇంటికి గానీ బడికి గానీ రాకూడదు. నాకు ఫోను చెయ్యకూడదు, కృప హాస్టలుకు వెళ్ళకూడదు. నిన్న పొద్దున పద్మావతమ్మ గారు, ఒక కానిస్టేబులు వెళ్ళి కాగితం ఇచ్చారు. ఆ సమయంలో నన్ను ఇంట్లో ఉండొద్దన్నారు. ఎనిమిదో తరగతిలో సంధులు చెబుతూ కూర్చున్నాను. ఒక్క పిల్ల కూడా అల్లరి చెయ్యలేదు. చేస్తే బాగుండుననిపించింది.

సాయంత్రం ఇంటికి పద్మావతమ్మ గారు నాతో వచ్చారు. గది ఖాళీ. కీబోర్డు లేదు, బట్టలు లేవు. దుప్పటి మడతపెట్టి వెళ్ళాడు. తిన్న కంచం కడిగి బోర్లించాడు. హాల్లో ఆయన ఫొటో కూడా లేదు, వాడే తీసుకెళ్ళాడు. గోడకు మేకు మాత్రం ఉంది.

"గొడవ చేశాడా అండీ?"

"లేదమ్మా. మొత్తం చదివాడు. సంతకం ఎక్కడ పెట్టాలని అడిగాడు." ఆవిడ కొంచెం ఆగి, "మా అమ్మ షుగరు మాత్రలు ఫ్రిజ్ మీద ఉంటాయి, మర్చిపోతూ ఉంటుంది, చెప్పండి అన్నాడు" అన్నారు.

ఆవిడ వెళ్ళేదాకా ఆపుకున్నాను.

17 ఆగస్టు, ఆదివారం

ఈ పుస్తకం ఇంటికి తెచ్చుకున్నాను. చదివేవాళ్ళు లేరు.

గుడికి వెళ్ళలేదు. వాడు వస్తాడేమోనని కాదు. రాడేమోనని.

10 సెప్టెంబరు, బుధవారం

నిన్న వాయిదా. కోర్టు వరండాలో జనం, ఆటోస్టాండులా ఉంది. కృప నా పక్కనే కూర్చుంది. వాడు తన లాయరుతో అటుపక్క నిలబడ్డాడు. తెల్లచొక్కా. కాలరు సరిగా ఇస్త్రీ కాలేదు. చిక్కిపోయాడు.

మేజిస్ట్రేటు ఆడమనిషి. నెమ్మదిగా మాట్లాడతారు. వాడి లాయరు, ఇది కూతురు ఇంటి కోసం తల్లిని పురికొల్పి పెట్టించిన కేసు అన్నాడు. చెప్పడానికేమైనా ఉందా అని మేజిస్ట్రేటు గారు వాణ్ణే అడిగారు.

వాడు ఆవిడ వంక చూడలేదు. నా వంక తిరిగాడు.

"నాన్న నిన్ను ఇరవై ఆరేళ్ళు కొట్టాడు. ఒక్కరోజు కూడా నువ్వు గడప దాటలేదు. పోయినప్పుడు ఆయన పెట్టె మీద పడి ఏడ్చావు. ఆయనంత మంచివాడు లేడని అందరికీ చెప్పావు. నన్ను మాత్రం ఎందుకమ్మా?"

"ఆమెతో నేరుగా మాట్లాడకూడదు" అన్నారు మేజిస్ట్రేటు గారు. కానీ ఆవిడ కూడా నా వంక చూశారు. అందరూ చూశారు. హేమ గారు, మీరేమీ చెప్పనక్కర్లేదని చెవిలో చెప్పారు.

లేచి నిలబడ్డాను. "వాడు అడిగింది నిజమేనండీ. అప్పుడే రావాల్సింది. వచ్చి ఉంటే వీడు ఈవేళ ఇక్కడ నిలబడేవాడు కాదు. ఆ తప్పు నాదేనండీ. కానీ దానికోసం ఇంకా దెబ్బలు తినలేను."

వాడి చెవులు ఎర్రబడ్డాయి. చిన్నప్పుడు క్లాసులో పద్యం మధ్యలో మర్చిపోయినప్పుడు అలాగే అయ్యేవి. ఐదో తరగతిలో వాడికి నేనే టీచర్ని.

బయటికొచ్చాక కృప నా చెయ్యి వదల్లేదు. దాని మణికట్టు కొంచెం వంకరగా అతుక్కుంది.

13 అక్టోబరు

వాయిదా పడింది.

3 నవంబరు

మళ్ళీ వాయిదా. ఎలీషా కానూరులో ఇంకో ఇద్దరితో కలిసి గదిలో ఉంటున్నాడట. కృపకు ఎవరో చెప్పారు. వంట ఎవరు చేస్తున్నారో చెప్పలేదు. నేనడగలేదు.

20 నవంబరు, గురువారం

ఉత్తర్వు వచ్చింది. మూడు పేజీలు. మొదటి పేజీలో దరఖాస్తుదారు సంపూర్ణమ్మ, కింద ప్రతివాది ఎలీషా. ఆ పేరు పెట్టింది నేనే. ఆయన వేరే పేరు అనుకుంటే, బతిమాలి ఒప్పించాను. నేను గెలిచింది అదొక్కటే అప్పట్లో.

"గెలిచాం టీచరుగారూ" అన్నారు హేమ గారు.

"ఇది ఎప్పటిదాకా ఉంటుందండీ?"

"మీరు వద్దని కోర్టును అడిగేదాకా."

అంటే రోజూ పొద్దున లేచి, నా కొడుకు నా దగ్గరికి రాకూడదని నేను మళ్ళీ అనుకోవాలన్నమాట. ఇవాళ అనుకున్నాను. రేపటి సంగతి రేపు.

25 డిసెంబరు

కృపతో గన్నవరం వెళ్ళాను. అక్కడి గుడిలో ఎవరికీ మేము తెలియదు. కీబోర్డు వాయించే అబ్బాయి ఒకచోట తప్పు వాయించాడు. కృపా నేనూ ఒకేసారి తలెత్తాం. మళ్ళీ దించుకున్నాం.

22 జనవరి 2026, గురువారం

ఇంటర్వెల్లులో ఆయమ్మ వచ్చి, మీకోసం ఎవరో అమ్మాయి వచ్చిందండీ అంది. గేటు దగ్గర వేపచెట్టు కింద నిలబడి ఉంది. ఇరవై నాలుగేళ్ళుంటాయి, చేతిలో టిఫిన్ బాక్సు సంచి. పేరు డయానా. నర్సుగా పనిచేస్తుంది. డ్యూటీకి వెళుతూ వచ్చానంది.

"ఎలీషా గారు నన్ను చేసుకోవాలని అనుకుంటున్నారండీ. వాళ్ళ కొత్త సంఘంలో నేను పాటలు పాడతాను. ఫిబ్రవరిలో నిశ్చితార్థం అనుకున్నారు." చున్నీ వేలికి చుట్టుకుంటూ, "కోర్టు సంగతి మా నాన్నకి తెలిసిందండీ. ఇంటికోసం అన్నాచెల్లెళ్ళ గొడవని ఆయన చెప్పారు. మా ఇంట్లో నమ్మారు. నేనూ నమ్మాను. కానీ మిమ్మల్ని ఒక్కసారి అడిగితే బాగుంటుందనిపించింది. ఆయన మంచివారే కదండీ?"

నా పెళ్ళికి ముందు మా అమ్మ మా అత్తగారిని ఇదే అడిగింది. "మావాడికి కోపమంటే ఏంటో తెలీదమ్మా" అన్నది ఆవిడ. అంటూ కొంగు సర్దుకుంది. కొంగు కింద చేతి మీద పాత మచ్చ. కాలినదనుకున్నాను.

నేను కూడా ఆ మాటే అనొచ్చు. వాడికి పెళ్ళవుతుంది, ఇల్లు ఉంటుంది, వేళకు అన్నం పెట్టేవాళ్ళుంటారు. ఎవరికి తెలుసు, మారతాడేమో. గంట కొట్టడానికి ఇంకా ఐదు నిమిషాలుంది. ఐదు నిమిషాలు ఆగితే క్లాసుకు వెళ్ళిపోవచ్చు.

"వాడు నన్ను కొట్టేవాడమ్మా" అన్నాను. "ఇంటి గొడవ కాదు. చెల్లెల్ని మెట్ల మీంచి తోశాడు. కోర్టు కాగితం కావాలంటే చూపిస్తాను."

పిల్ల ముఖం చూడలేకపోయాను. "నాతో ఒక్కసారి కూడా గట్టిగా మాట్లాడలేదండీ" అంది.

"మా ఆయన కూడా పెళ్ళికి ముందు నాతో గట్టిగా మాట్లాడలేదమ్మా."

"మా అమ్మకి బాగాలేకపోతే మూడు రోజులు ఆసుపత్రిలో ఆయనే ఉన్నారండీ."

"ఉంటాడు. వాడిలో అదీ ఉంది. అది అబద్ధం కాదు."

అడగాలా వద్దా అనుకుంటూనే అడిగాను. "నీ ఫోను చూస్తాడా?"

"ప్రేమకొద్దీ చూస్తారండీ" అంది. అన్నాక తన మాట తనకే వినపడినట్టుంది. టిఫిన్ సంచి ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది. "వస్తానండీ, డ్యూటీకి టైమైంది" అని, నాలుగడుగులు వేసి, వెనక్కి వచ్చి, నా కాళ్ళకు దండం పెట్టబోయింది. వద్దన్నాను.

ఏడో తరగతికి వెళ్ళి ఏం చెప్పానో గుర్తులేదు.

3 ఫిబ్రవరి, మంగళవారం

డయానా వాళ్ళమ్మ ఫోను చేసింది. సంబంధం మానుకున్నారట. "మా పిల్లని కాపాడావమ్మా, నీ మేలు మర్చిపోం" అని ఏడ్చింది. చాలాసేపు మాట్లాడింది. చెడిపోయింది ఎవరి కొడుకు పెళ్ళో ఆవిడకు గుర్తున్నట్టు లేదు.

6 ఫిబ్రవరి, శుక్రవారం

ఎలీషా వచ్చాడు.

ఆరు కావస్తోంది, ఇంకా వెలుగుంది. మొక్కలకు నీళ్ళు పోస్తున్నాను. బండి శబ్దం వినగానే తెలిసింది. గేటు అవతల ఆగాడు. దిగాడు. హెల్మెట్ తీశాడు. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"అమ్మా."

ఆ మాట విని ఐదు నెలలు. చెయ్యి దానంతట అదే జాకెట్టులోని ఫోను మీదికి వెళ్ళింది. మొదట వెళ్ళింది వాడి దగ్గరికి కాదు, ఫోను మీదికి. అది రాసుకోవాలి.

"డయానాని పిలిపించి చెప్పావా?"

"తనే వచ్చిందిరా. అడిగింది. జరిగింది చెప్పాను."

"తనని కొట్టేవాణ్ణి కాదమ్మా. దేవుడి మీద ప్రమాణం."

"నన్ను కూడా కొట్టాలని నువ్వెప్పుడూ అనుకోలేదు కదా."

వాడు కిందికి చూశాడు. "నాన్నలా అవ్వకూడదని రోజూ అనుకునేవాణ్ణి. నీకు తెలుసా? ఇంటర్ చదివేటప్పుడు రోజూ అనుకునేవాణ్ణి."

"తెలుసు నాన్నా" అన్నాను. నిజానికి తెలియదు. ఎప్పుడూ చెప్పలేదు, నేను అడగలేదు. మా ఇంట్లో ఆ మాట ఎత్తేవాళ్ళం కాదు.

పక్కింటివాళ్ళ మెట్ల మీద ఎవరో నిలబడి చూస్తున్నారు. వాడు వాళ్ళను గమనించాడు. అప్పుడు దవడ బిగిసింది. ఆ బిగింపు నాకు రెండు తరాలుగా తెలుసు. గేటు గడియ మీద చెయ్యి వేశాడు.

"గేటు తియ్యి. లోపల కూర్చుని మాట్లాడుకుందాం."

"వద్దు."

"అమ్మా, తియ్యి. వీధిలో నన్ను నిలబెట్టి ఏంటిది?" గడియ గట్టిగా ఆడించాడు. నీళ్ళ మగ్గు నా చేతిలోంచి జారింది. ఇన్నేళ్ళలో ఇలాంటప్పుడు నేనేం చేసేదాన్నో కాళ్ళకు తెలుసు. ముందుకు వెళ్ళి తలుపు తీసెయ్యడం. తీసేస్తే అరుపు తగ్గుతుంది, వీధికి వినపడదు.

"వద్దురా" అన్నాను. గొంతు పెద్దగా వచ్చింది. "గడియ మీంచి చెయ్యి తియ్యి. పోలీసులకు ఫోను చేస్తున్నాను." నంబరు నొక్కబోతే ఏవేవో అంకెలు పడ్డాయి. మళ్ళీ నొక్కడం మొదలుపెట్టాను.

వాడు నా వేళ్ళ వంకే చూస్తున్నాడు. తర్వాత గడియ మీదున్న తన చేతి వంక చూసుకున్నాడు, అది వేరే ఎవరిదో అయినట్టు. ఎంతసేపో తెలియదు. చెయ్యి తీశాడు. ఒక అడుగు వెనక్కి, ఇంకో అడుగు వెనక్కి వేశాడు. హెల్మెట్ పెట్టుకున్నాడు. బండి స్టార్టు చేశాడు.

రేపు పొద్దున హేమ గారికి చెప్పాలి. చెబితే ఉత్తర్వు మీరినట్టు కేసవుతుంది. చెబుతాను, వచ్చాడని. గేటు పట్టుకున్నాడని. వద్దంటే ఆగాడని కూడా చెబుతాను. అది రాసుకోవడానికి వాళ్ళ ఫారంలో గడి ఉందో లేదో.

ఆగాడు. ఈ ఇంట్లో ముప్పై ఏళ్ళుగా నేను వద్దని ఎన్నిసార్లు అన్నానో! నేను వద్దన్నందుకు ఒక మగవాడు చెయ్యి వెనక్కి తీసుకోవడం ఇదే మొదటిసారి. అది నా కొడుకే చేశాడు.

బాగా చేశావు నాన్నా అని వాడికి చెప్పాలనిపించింది. వాడు ఏదైనా మంచిపని చేస్తే ఎవరో ఒకరు చెప్పాలి కదా. గేటు దాకా పరుగెత్తాను. వీధి చివర బండి ఇంకా మలుపు తిరగలేదు. పిలిస్తే వినపడేది.

పిలవలేదు.